డి అనే అక్షరం

2013 ఆగస్టులో ఒక రాత్రి కాకినాడ నుంచి మా అక్క ఫోన్ చేసింది. నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు. అక్కకి నాలుగేళ్ళుగా లూపస్ ఉంది. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి శరీరం మీదకే తిరగబడే జబ్బు అది. అక్క విషయంలో అది మూత్రపిండాల మీద పడింది. ఆ శక్తిని అదుపులో పెట్టడానికి రోజూ అజాథయోప్రిన్ అనే మాత్ర వేసుకుంటోంది. ఏడాదిగా బాగానే ఉంది. ఆ రాత్రి ముందు మంచి కబురే చెప్పింది, రెండో నెల అని. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఒరేయ్, మందుల షాపాయన ఈ మాత్ర కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోకూడదంటున్నాడు. అత్తయ్యగారు కూడా ఆపేయమంటున్నారు. డాక్టరుగారేమో ఊళ్ళో లేరు. నువ్వు ఇంటర్నెట్‌లో చూసి చెప్పు."

చూశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. మందు పేరు, దాని కింద 'ప్రెగ్నెన్సీ కేటగిరీ: డి' అని ఉంది. పక్కనే వివరణ: గర్భంలోని బిడ్డకు హాని కలుగుతుందనడానికి మనుషుల్లోనే ఆధారాలున్నాయి. పుట్టినప్పటినుంచి మార్కులూ గ్రేడులూ చూస్తూ పెరిగినవాణ్ణి. డి అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? "ఆపెయ్ అక్కా. డాక్టరు వచ్చాక అడుగుదాం," అన్నాను.

డాక్టరు వచ్చారు. కానీ వేవిళ్ళు, ఇంట్లో పెళ్ళి పనులు, ఇవాళ రేపు అంటూ అక్క వెళ్ళేసరికి ఆరు వారాలైంది. అప్పటికి కాళ్ళకి వాపు వచ్చింది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, బీపీ పెరిగింది. ఐదో నెలలో బిడ్డ దక్కలేదు. మూత్రపిండాలు మళ్ళీ దారిలో పడటానికి ఏడాది పట్టింది.

మాత్ర ఆపకపోతే ఆ బిడ్డ బతికేదా అంటే ఎవరూ తేల్చి చెప్పలేరు. మాత్ర వేసుకుంటున్నా లూపస్ తిరగబెట్టవచ్చు. డాక్టరుగారు అక్కని తిట్టలేదు. "ఆపేముందు నాకొక్క ఫోన్ చేసుంటే బాగుండేదమ్మా," అన్నారంతే. అక్క నా పేరు చెప్పలేదు. బావకి కూడా చెప్పలేదని చాలాకాలం తర్వాత తెలిసింది.

ఆ అక్షరం ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు పెట్టారు, ఏం చూసి పెట్టారు అని అప్పటినుంచీ వీలైనప్పుడల్లా చదువుతూ వచ్చాను. ఆ చదువే ఈ వ్యాసం.

అక్షరాలకు ముందు

1957 అక్టోబరు 1న పశ్చిమ జర్మనీలో గ్రూనెన్‌థాల్ అనే కంపెనీ కాంటర్‌గాన్ పేరుతో ఒక నిద్రమందుని అమ్మకానికి పెట్టింది. మందు అసలు పేరు థాలిడొమైడ్. చాలా సురక్షితమైనదని ప్రచారం చేశారు. డాక్టరు చీటీ అక్కర్లేకుండానే దొరికేది. వేవిళ్ళకి కూడా బాగా పనిచేస్తుందని గర్భిణులు వాడారు. ఆ రోజుల్లో చాలామంది వైద్యులకి మాయ మీద గట్టి నమ్మకం, తల్లి మింగినదాన్ని బిడ్డ దాకా పోనివ్వకుండా అది ఆపేస్తుందని.

1961 చివరికి హాంబర్గ్‌లో విడుకిండ్ లెంజ్, సిడ్నీలో విలియం మెక్‌బ్రైడ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే సంగతి గమనించారు. చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడకుండా పుడుతున్న పిల్లల తల్లులు ఈ మందు వాడినవాళ్ళే. నవంబరు చివర్లో జర్మనీలో మందుని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ప్రపంచంలో పదివేలమందికి పైగా పిల్లలు దాని బారిన పడ్డారని అంచనా. అమెరికాలో ఆ మందు అధికారికంగా అమ్మకానికి రాలేదు. ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో కొత్తగా చేరిన ఫ్రాన్సిస్ కెల్సీ అనే డాక్టరు, కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా, ఇచ్చిన ఆధారాలు చాలవంటూ ఫైలు ఆపేసింది. 1962లో అధ్యక్షుడు కెనెడీ చేతులమీదుగా ఆమెకు పురస్కారం అందింది. మందు నిజంగా పనిచేస్తుందని కంపెనీయే నిరూపించాలనే చట్టమూ ఆ ఏడాదే వచ్చింది.

ఇదంతా మంచి మార్పే. కానీ ఈ గాయం ఇంకో పాఠం కూడా నేర్పింది. గర్భిణుల మీద, గర్భం రాగల వయసు ఆడవాళ్ళ మీద మందుల్ని పరీక్షించవద్దన్నది ఆ పాఠం. 1977లో ఎఫ్‌డీఏ అలాంటి స్త్రీలని తొలిదశ ప్రయోగాల నుంచి పక్కన పెట్టమని మార్గదర్శకాలు ఇచ్చింది. 1993 వరకూ అదే నడిచింది. ఉద్దేశం రక్షణే. ఫలితం మాత్రం, కడుపుతో ఉన్న మనిషిలో ఒక మందు ఏం చేస్తుందో తెలుసుకునే ముఖ్యమైన దారి మూసుకుపోవడం.

1979లో ఎఫ్‌డీఏ ప్రతి మందుకీ ఒక అక్షరం తగిలించడం మొదలుపెట్టింది. 'ఏ' అంటే మనుషుల్లో సరైన అధ్యయనాలు చేశారు, హాని కనబడలేదు. 'బి' అంటే స్థూలంగా జంతువుల్లో హాని కనబడలేదు, మనుషుల్లో చాలినంత చూడలేదు. 'సి' అంటే జంతువుల్లో హాని కనబడింది, లేదా అసలు అధ్యయనాలే లేవు. మనుషుల సంగతి తెలీదు. 'డి' అంటే మనుషుల్లో హానికి ఆధారాలున్నాయి, అయినా తల్లి అవసరాన్ని బట్టి వాడవలసి రావచ్చు. 'ఎక్స్' అంటే ఏ ప్రయోజనమూ ఆ హానికి సరితూగదు.

డి వివరణలో రెండు సగాలున్నాయని గమనించారు కదా. ఆ రాత్రి నేను మొదటి సగమే చదివాను.

మందు పుట్టుక

అజాథయోప్రిన్ కథ న్యూయార్క్ దగ్గర టకహోలో, బరోస్ వెల్‌కమ్ కంపెనీ ప్రయోగశాలలో మొదలవుతుంది. జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే ఇద్దరు అక్కడ ఒక తేలికైన ఆలోచన పట్టుకుని ఏళ్ళతరబడి పనిచేశారు. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకి నకలు రాసుకోవాలి. ఆ నకలుకి కావలసిన దినుసుల్ని పోలిన దొంగ దినుసుని అందిస్తే కణం మోసపోయి ఆగిపోతుంది. త్వరత్వరగా చీలే కణాలు ముందు దెబ్బతింటాయి. అలా 1950ల మొదట్లో వచ్చిన 6-మెర్‌కాప్టోప్యూరిన్ పిల్లల రక్తకాన్సర్‌కి మందు అయింది. పీహెచ్‌డీ చెయ్యడానికి వీలుపడని ఎలియన్, 1988లో హిచింగ్స్‌తో, జేమ్స్ బ్లాక్‌తో కలిసి నోబెల్ అందుకుంది.

రోగనిరోధక కణాలు కూడా శత్రువుని చూడగానే త్వరత్వరగా చీలేవే. 1959లో బోస్టన్‌లో రాబర్ట్ ష్వార్ట్జ్, విలియం డామెషెక్ ఈ మందు ఇచ్చిన కుందేళ్ళు పరాయి ప్రొటీన్‌ని శత్రువుగా గుర్తించడం మానేశాయని చూపించారు. ఇంగ్లండులో రాయ్ కాన్ అనే కుర్ర సర్జన్ అది చదివి, మూత్రపిండం మార్చిన కుక్కలకి ఆ మందే ఇచ్చి చూశాడు. తర్వాత బోస్టన్‌లో జోసెఫ్ మరే దగ్గరికి వెళ్ళినప్పుడు, ఎలియన్ వాళ్ళు అదే మందుకి కొత్తగా చేసిన రూపాంతరం ఒకటి వాడి చూశాడు. అదే అజాథయోప్రిన్. 1962లో మరే బృందం ఈ మందు అండతో చనిపోయిన దాత మూత్రపిండాన్ని ఒక రోగికి అమర్చింది. అది ఏడాదికి పైగా పనిచేసింది.

ఇప్పుడు అసలు చిక్కు. త్వరత్వరగా చీలే కణాలని ఆపే మందు ఇది. మరి గర్భంలో మొదటి వారాల బిడ్డని మించి త్వరత్వరగా చీలే కణాలు ఎక్కడున్నాయి? కాగితం మీద చూస్తే ఈ మందు బిడ్డకి విషం అవ్వాలి. జంతువుల్లో చూసినా అంతే. మనుషులకిచ్చే మోతాదుకి సమానంగా ఇచ్చినప్పుడు కుందేళ్ళలో, చిట్టెలుకల్లో ఎముకల లోపాలూ లోపలి అవయవాల లోపాలూ కనబడ్డాయి. థాలిడొమైడ్ గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. ఏ కంపెనీ అయినా, ఏ డాక్టరైనా గర్భిణికి ఈ మందు ఇవ్వవచ్చో లేదో ప్రయోగం చేసి చూద్దామనే ప్రశ్నే లేదు.

అడగకుండా వచ్చిన జవాబు

ఓక్లహోమాకు చెందిన ఈడిత్ హెల్మ్‌కి 1956లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో మరే మూత్రపిండం మార్చారు. ఇచ్చింది ఆమె కవల సోదరి వాండా. అచ్చుగుద్దిన కవలలు కాబట్టి శరీరం తేడా గుర్తుపట్టలేదు, మందులే అవసరం లేకపోయింది. 1958లో ఈడిత్‌కి కొడుకు పుట్టాడు. అవయవమార్పిడి తర్వాత తల్లి అయిన మొదటి మనిషి ఆమె. అక్క ఇచ్చిందో చెల్లెలు ఇచ్చిందో గానీ, ఆ మూత్రపిండంతోనే 2011 దాకా బతికింది.

ఆమె ఒక సంగతి రుజువు చేసింది. మార్చిన మూత్రపిండం గర్భం బరువుని మొయ్యగలదు. మిగిలిన ప్రశ్న మందులది. 1960లలో అజాథయోప్రిన్, స్టెరాయిడ్ల మీద బతుకుతున్న యువతుల సంఖ్య పెరిగింది. డయాలిసిస్‌లో ఉన్నప్పుడు ఆగిపోయిన నెలసరి, కొత్త మూత్రపిండం పనిచెయ్యగానే తిరిగి వచ్చేది. గర్భాలు రావడం మొదలైంది. ఈ ఆడవాళ్ళకి మందు మానేసే వీలు లేదు. మానేస్తే మూత్రపిండం పోతుంది, దానితోపాటు ప్రాణం కూడా పోవచ్చు. తొలి ఏళ్ళలో చాలామందికి గర్భం వద్దనే సలహా ఇచ్చేవారు. కొందరు వినలేదు. కొందరికి తెలిసేసరికే మూడో నెల వచ్చేసింది.

1960ల రెండో సగం నుంచి వైద్యపత్రికల్లో ఒక్కొక్కరి కథా రాసాగింది. ఒక తల్లి, ఒక బిడ్డ, ఒక పేజీ. కొన్నిట్లో బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. కొన్నిట్లో తక్కువ బరువు. అక్కడక్కడా ఏవో లోపాలు. కానీ కుందేళ్ళని చూసి భయపడినట్టుగా, థాలిడొమైడ్ పిల్లల్లో కనబడినట్టుగా, ఒకే రకం లోపం వరుసగా కనబడలేదు.

ఎందుకు? 1973లో ఫిన్లండ్ పరిశోధకులు ఇద్దరు ఒక వివరణ ఇచ్చారు. అజాథయోప్రిన్ తనంతట తాను పనిచెయ్యదు. శరీరంలో ఒక ఎంజైమ్ దాన్ని పనిచేసే రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైమ్ గర్భస్థ శిశువు కాలేయంలో తొలి నెలల్లో ఉండదు. కాబట్టి మందు మాయ దాటి వెళ్ళినా తుపాకీలో గుండు లేనట్టే. వినడానికి ముచ్చటగా ఉంది కదా! 2006లో పుట్టిన వెంటనే బిడ్డల రక్తం తీసి చూస్తే, మందు పనిచేసే రూపం కొంత వాళ్ళలోనూ ఉంది. సిద్ధాంతం కొంచెం బీటవేసింది. పుట్టిన పిల్లల లెక్క మాత్రం మారలేదు. ఇంజనీరుగా నాకు ఇది మింగుడుపడటానికి సమయం పట్టింది. ఎలా పనిచేస్తోందో పూర్తిగా తెలియకపోయినా, పనిచేస్తోందని లెక్కపెట్టి చెప్పవచ్చు.

ఆ లెక్కపెట్టే పని ఒకచోటికి చేరింది 1991లో. ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ విశ్వవిద్యాలయంలో విన్సెంట్ ఆర్మెంటీ అనే సర్జన్ ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టారు. పద్ధతి చాలా మామూలుది. అవయవమార్పిడి తర్వాత గర్భం వచ్చినవాళ్ళు ఎవరైనా ఇష్టమైతే పేరు నమోదు చేసుకోవచ్చు. వాళ్ళతో ఫోన్లో మాట్లాడి వివరాలు తీసుకుంటారు, ఆస్పత్రి కాగితాలతో సరిచూసుకుంటారు, తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి ఆ తర్వాతి ఏళ్ళలోనూ అడుగుతుంటారు. ఇప్పటికీ నడుస్తున్న ఆ చిట్టాలో తేలింది ఇదీ. మూత్రపిండం మార్చుకున్న తల్లుల్లో సుమారు సగంమందికి కాన్పు ముందే అవుతుంది, బీపీ సమస్యలు ఎక్కువ, బిడ్డల బరువు తక్కువ. అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్, స్టెరాయిడ్ల మీద ఉన్న తల్లుల బిడ్డల్లో పుట్టులోపాలు మాత్రం, ఏ మందూ వాడని జనాభాలో ఉండే మూడు శాతానికి మరీ ఎక్కువగా లేవు.

ఈ జవాబు కోసం ఏ శాస్త్రవేత్తా ప్రయోగం చెయ్యలేదు. తప్పనిసరై మింగినవాళ్ళు, తర్వాత ఫోనెత్తి చెప్పినవాళ్ళు కలిసి ఇచ్చిన జవాబు ఇది.

సి అనే అక్షరం

ఇంత చిట్టా ఉన్నా, అజాథయోప్రిన్ పక్కన డి అలాగే ఉండిపోయింది. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒక తల్లికి లోపంతో బిడ్డ పుట్టిన నివేదికలు ఉన్నాయి కాబట్టి 'మనుషుల్లో ఆధారాలు'.

1995లో అమెరికాలో మైకోఫెనొలేట్ అనే కొత్త మందుకి అనుమతి వచ్చింది. అవయవమార్పిడిలో అజాథయోప్రిన్ కంటే బాగా పనిచేస్తుందని త్వరలోనే దాని స్థానం తీసుకుంది. లూపస్ మూత్రపిండాల జబ్బులోనూ వాడకం పెరిగింది. జంతువుల్లో, అదీ మనుషుల మోతాదు కంటే తక్కువకే, పిల్లల్లో లోపాలు కనబడ్డాయి. మనుషుల్లో గర్భిణుల సమాచారం లేదు. కాబట్టి నిబంధన ప్రకారం దానికి వచ్చిన అక్షరం సి.

ఏబీసీడీలు వచ్చిన ఎవరైనా ఈ రెండు మందుల్ని పక్కపక్కన పెట్టి ఏది మేలంటారు?

2006లో ఆ ఫిలడెల్ఫియా రిజిస్ట్రీ నుంచే ఒక నివేదిక వచ్చింది. మైకోఫెనొలేట్ వాడుతుండగా గర్భం వచ్చిన, మూత్రపిండం మార్చుకున్న తల్లులు 18 మంది, గర్భాలు 26. వాటిలో 11 గర్భస్రావాలయ్యాయి. పుట్టిన 15 మందిలో నలుగురికి లోపాలు. చెవులు సరిగా ఏర్పడకపోవడం, పెదవీ అంగిలీ చీలి ఉండటం లాంటివి పదేపదే కనబడ్డాయి. చిన్న లెక్కే. కానీ ఒకే రకం లోపం వరుసగా రావడమే అసలు ప్రమాద సూచన. 2007లో ఎఫ్‌డీఏ మందు కాగితం మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక పెట్టించి, అక్షరాన్ని సి నుంచి డికి మార్చింది. అంటే పుట్టులోపాలు అంతగా పెరగలేదని దశాబ్దాలుగా తేలుతున్న మందూ, నలుగురిలో ఒకరికి లోపం కనబడిన మందూ ఇప్పుడు ఒకే అక్షరం కింద ఉన్నాయి. 2012లో మైకోఫెనొలేట్ రాసే డాక్టర్లకీ, వాడే స్త్రీలకీ ప్రత్యేక జాగ్రత్తల పథకమొకటి పెట్టారు. మందు మొదలుపెట్టే ముందు గర్భపరీక్ష చేయించుకోవాలి, వాడేటప్పుడూ మానేసిన ఆరు వారాల దాకానూ గర్భం రాకుండా చూసుకోవాలి.

మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులన్నీ నమోదు చేసే జాబితా ఒకటుంటుంది. కొత్తగా చేరినవాళ్ళు తరచూ ఒక పొరపాటు చేస్తారు. పాత మాడ్యూల్ పేరు మీద వందల ఫిర్యాదులు, కొత్త మాడ్యూల్ మీద సున్నా చూసి, పాతది చెత్త, కొత్తది భేష్ అనుకుంటారు. పాతదాన్ని లక్షలమంది వాడుతున్నారు, కొత్తదాన్ని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. జాబితాలో సున్నా ఉంటే తప్పులు లేవని కాదు, చూసినవాళ్ళు లేరని. ఈ సంగతి నేను జూనియర్లకి ఎన్నోసార్లు చెప్పాను. అక్క ఫోన్ చేసిన రాత్రి మాత్రం నాకే తోచలేదు.

భీమవరం నుంచి

ఈ చరిత్రలో ఒక తెలుగువాడి పేరు రాకుండా ఉండదు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి మనం వింటూనే ఉంటాం. కానీ ఆయన కథకి గర్భిణులతో ఉన్న బంధం గురించి మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడుకోరు.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకి గర్భంతో ఉన్నప్పుడు ప్రాణాంతకమైన రక్తహీనత వస్తోంది. ఎందుకో కనుక్కోవడం ఆమె పని. ఈస్ట్ సారంతో చేసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఏముందో తెలీక 'విల్స్ ఫ్యాక్టర్' అన్నారు. 1941లో పాలకూర నుంచి తీసిన ఒక పదార్థానికి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని 1945 ప్రాంతంలో ప్రయోగశాలలో తయారుచేసింది లెడర్లీ కంపెనీలో సుబ్బారావు నడిపిన బృందం.

అదే బృందం ఫోలిక్ యాసిడ్‌ని పోలిన దొంగ రూపాలనీ తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకాన్సర్‌ని తొలిసారి తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టాడు. 1951లో ఇంకొందరు అదే మందుతో కీళ్ళవాపు, సొరియాసిస్ తగ్గడం చూశారు. అమినోప్టెరిన్ స్థానంలో వచ్చిన దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ కీళ్ళవాతానికి మొదట రాసే మందు. అంటే రోగనిరోధక శక్తిని అణిచే మందుల్లో బహుశా అందరికంటే ఎక్కువ ఇళ్ళలో ఉన్నది.

గర్భంలో మాత్రం ఇది అక్షరాలా ప్రమాదం. 1952లోనే, అంటే థాలిడొమైడ్‌కి చాలా ముందే, అమినోప్టెరిన్‌తో గర్భస్రావం చేయించిన ఫలితాలు అచ్చయ్యాయి. గర్భం నిలిచిపోయినచోట బిడ్డలు లోపాలతో పుట్టారు. మాయ గోడ కాదని అప్పటికే తెలిసినవాళ్ళు ఉన్నారన్నమాట. ఇక రెండో వైపు, 1991లో బ్రిటన్ నడిపిన పెద్ద అధ్యయనంలో, అంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, ఆ లోపం మళ్ళీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గింది.

ఒకే ప్రయోగశాల, ఇంచుమించు ఒకే ఆకారం ఉన్న రెండు అణువులు. ఒకటి ప్రతి గర్భిణికీ మన ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి ఇచ్చే మాత్ర. ఇంకోటి గర్భం అనుకునే ముందే మానెయ్యాల్సిన మాత్ర. కాబట్టి 'కడుపుతో ఉన్నప్పుడు ఇలాంటి మందులు మంచివేనా?' అన్న ప్రశ్నకి 'ఇలాంటి' అన్న మాటే అడ్డం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులన్నీ ఒక జాతి కావు. మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్ ముందుగానే మానాలి. అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, తక్కువ మోతాదు స్టెరాయిడ్లు డాక్టరు చూపులో కొనసాగించవచ్చు. ప్రెడ్నిసొలోన్‌ని చాలావరకూ మాయే నిర్వీర్యం చేస్తుంది. అదే కుటుంబంలోని బీటామెథాసోన్ మాత్రం నేరుగా బిడ్డని చేరుతుంది. అందుకే నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి దాన్ని కావాలనే ఇస్తారు.

ఆపడం కూడా ఒక మందే

లూపస్ ఉన్నవాళ్ళకి రాసే హైడ్రాక్సీక్లోరోక్విన్ కథ ఇంకో రకం. మలేరియా మందుగా పుట్టింది. బిడ్డ కళ్ళకీ చెవులకీ ఏమైనా అవుతుందేమోనన్న భయంతో గర్భం రాగానే ఆపించేవారు. 2006లో అమెరికాలో లూపస్ గర్భిణుల మీద వచ్చిన ఒక పరిశీలనలో, ఆపేసినవాళ్ళకే జబ్బు ఎక్కువగా తిరగబెట్టిందని తేలింది. ఇప్పుడు లూపస్ ఉన్న గర్భిణులు అది కొనసాగించాలనే చెబుతున్నారు.

మందు వేసుకుని బిడ్డకి ఏమైనా అయితే అది మందు చేసిన పాపం. మందు ఆపి ఏమైనా అయితే అది తలరాత. మనం లెక్క రాసుకునే తీరు ఇది. మా అత్తయ్యగారిదీ ఇదే లెక్క, మందుల షాపాయనదీ ఇదే, నాదీ ఇదే. అక్షరాల పట్టిక కూడా ఈ లెక్కనే అచ్చు వేసింది. మందు బిడ్డకి ఏం చేస్తుందో చెప్పడానికి ఐదు అక్షరాలున్నాయి. మందు లేకపోతే తల్లికి ఏమవుతుందో, తల్లికి అలా అయితే బిడ్డకి ఏమవుతుందో చెప్పడానికి ఒక్క అక్షరమూ లేదు.

2015 జూన్ 30 నుంచి ఎఫ్‌డీఏ కొత్త మందుల కాగితాల మీద ఆ ఐదు అక్షరాలనీ ఎత్తేసింది. పాత మందులకి దశలవారీగా మార్చమంది. అక్షరం బదులు వాక్యాలు రాయాలి. మనుషుల్లో ఏం తెలుసు, జంతువుల్లో ఏం తెలుసు, జబ్బుకి వైద్యం చెయ్యకపోతే ప్రమాదం ఏమిటి, నమోదు చేసుకోవడానికి రిజిస్ట్రీ ఏదైనా ఉందా అన్నవి వివరించాలి. అక్షరాల్ని మార్కుల్లా చదువుతున్నారన్నది ఈ మార్పుకి చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ వార్త చదివిన రోజు ఆఫీసులో కాసేపు పని చెయ్యలేకపోయాను. నాలా చదివినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారన్న ఊరట కొంత. రెండేళ్ళు ముందు వచ్చుంటే అన్నది మిగతాది.

2016లో అక్క మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారి ముందే డాక్టరుతో మాట్లాడి, జబ్బు ఆరునెలలపాటు నెమ్మదించాకే. డాక్టరుగారు ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి, 'ఎట్టి పరిస్థితిలోనూ మీ అంతట మీరు ఆపకూడనివి' అన్న వరుసలో మూడు పేర్లు రాశారు. అజాథయోప్రిన్ మొదటిది. దాని కింద సుబ్బారావుగారి బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. ఆ కాగితం తొమ్మిది నెలలూ ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. అత్తయ్యగారే మాత్రలు లెక్కపెట్టి అందించేవారు. మేనకోడలు నాలుగు వారాలు ముందే పుట్టింది, రెండు కిలోల వంద గ్రాములు. ఇప్పుడు చదువు పేరెత్తితే పారిపోతుంది, సైకిలంటే ప్రాణం.

అక్కకి ఏ కొత్త మాత్ర రాసినా ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది. డాక్టర్ని అడిగేశాకే చేస్తుంది, అది వేరే సంగతి. మొదటిసారి అలా చేసినప్పుడు, ఇన్నేళ్ళుగా అనలేకపోయిన మాట అనబోయాను. అననివ్వలేదు.

"అదంతా తర్వాత. ముందు దీని గురించి చదివి చెప్పు. సగం కాదు, మొత్తం చదువు."